తమ్ముడి తలమీద ఒట్టు

మా బావ తన పరిశోధన కాగితాలు పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మా బాబుకి అప్పుడు పదకొండో నెల. వాణ్ణి చంకనేసుకుని, పెరుగన్నం గిన్నె పట్టుకుని, రాజమండ్రిలో మావయ్య ఇంటి వెనకవైపు అమ్మ ఉండే రెండు గదుల వాటాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే తర్వాత మేం పడ్డ అవస్థలో సగం ఉండేది కాదు. చెప్పలేదు. ఇప్పుడు బాబు నిద్రపోయాక కూర్చుని ఇదంతా రాస్తుంటే మా ఇంట్లో అందరి మీదా చిరాకు వస్తోంది. అందరికంటే ఎక్కువ నామీదే.

బావ అంటే మా మేనమామ కొడుకు. డాక్టరు. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నాడు. పీజీ పూర్తికావాలంటే ఏదో ఒక అంశం మీద పరిశోధన చేసి రాసివ్వాలి. బావ ఎంచుకున్నది తాగుడు. తండ్రి తాగుడుకి బానిసైన కుర్రాళ్ళని కొందరిని, తండ్రి అసలు ముట్టుకోని కుర్రాళ్ళని కొందరిని తీసుకుని, అందరికీ ఒకే మోతాదు మత్తుమాత్ర ఇస్తాడు. తర్వాత అరగంటకోసారి నెత్తురు తీసి, ఒంట్లో హార్మోన్లు ఎవరిలో ఎలా మారుతున్నాయో చూస్తాడు. మొదటి రకం కుర్రాళ్ళు బాగానే దొరికారట. రెండో రకమే కరువైపోయి, చివరికి మా తమ్ముడి మీద పడ్డాడు.

"అత్తయ్యా, ఓ సంతకం కావాలి. నీ కొడుకుని ఓ పూట నాకు అప్పివ్వాలి," అన్నాడు బావ, అమ్మ ముందున్న బెండకాయ ముక్కల్లోంచి ఒకటి నోట్లో వేసుకుంటూ.

"నెత్తురు తీస్తావంటగా? అసలే వాడు తిండి సరిగ్గా తినడు."

"వాడా? మొన్న మా అమ్మ చేసిన పెసరట్లు ఏడు తిన్నాడు. నెత్తురు నేను చెంచాడు చెంచాడు తీస్తానంతే. సరేగానీ, తండ్రి సంగతి తల్లినే అడిగి రాయాలని మా రూలు. వీళ్ళ నాన్నగారికి తాగుడు అలవాటు ఉండేదా?"

అమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"రామ రామ! ఆయన కాఫీ కూడా రెండోసారి అడిగేవారు కాదు నాయనా. పచ్చకామెర్లు ముదిరిపోయి పోయారు పాపం, నీకు తెలియనిదేముంది?"

బావ 'లేదు' అన్నచోట టిక్కు పెట్టాడు. అమ్మ చెయ్యి తుడుచుకుని సంతకం చేసింది. నేను బాబు నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టాను.

మా నాన్న మండపేటలో ఒక రైసుమిల్లులో గుమస్తా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తాగేవారు. మొదట మిల్లుకి వచ్చే లారీవాళ్ళతో కూర్చుని తాగేవారట. నాకు గుర్తున్నంతలో మాత్రం ఒక్కరే, పెరట్లో, స్టీలు గ్లాసులో. తాగాక యాలక్కాయ నమిలేవారు. పొద్దున్న లేచేసరికి ఆయన చేతులు ఎంత వణికేవంటే చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. స్కూలుకి వెళ్ళే ముందు జడ వేయించుకోవడం ఎంత మామూలో నాన్నకి గుండీలు పెట్టడం అంత మామూలు. నాకు పదకొండేళ్ళప్పుడు ఆయన కళ్ళు పసుపుపచ్చగా అయ్యాయి, పొట్ట ఉబ్బింది, పోయారు. కాబట్టి కామెర్లు అబద్ధమేం కాదు. కామెర్లు ఎందుకొచ్చాయన్నదే ఎవరూ చెప్పరు.

తమ్ముడికి అప్పుడు ఐదేళ్ళు. పెద్దకర్మ అయిన మర్నాడు మావయ్య మమ్మల్ని రాజమండ్రి తీసుకొచ్చేశాడు. బయల్దేరే ముందు తమ్ముణ్ణి నా ఎదురుగా నిలబెట్టి, నా కుడిచెయ్యి వాడి తలమీద పెట్టించాడు.

"మీ నాన్న తాగేవాడని వీడికి ఎప్పటికీ చెప్పనని ఒట్టెయ్యి," అన్నాడు నా చెవిలో, వాడికి వినపడకుండా. "చెప్పావో, వాడికే తగులుతుంది."

వేశాను. తర్వాత బీఎస్సీ జువాలజీ చదివాను. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఏవేవి ఎలా వస్తాయో పరీక్షలో ఆరేసి పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఒట్టు తప్పితే ఎదుటివాడికి ప్రమాదమన్నది ఉత్తమాటని నాకు తెలుసు. కానీ మా తమ్ముడు మోటారుసైకిళ్ళ షోరూంలో సేల్స్‌లో చేరాడు. రోజుకి పదిసార్లు కొత్త బండి వేసుకుని హైవే మీద తిప్పి చూపించడమే వాడి ఉద్యోగం. ఇక నేను ఆ ఒట్టు ఎలా తప్పుతాను?

మాత్ర వేసిన వారం తర్వాత ఆదివారం బావ మళ్ళీ వచ్చాడు.

"అత్తయ్యా, నీ కొడుకు ఘటం! మిగతావాళ్ళంతా మాత్ర వేసిన గంటకి గురకలు పెడుతుంటే వీడు లేచి కూర్చుని పేపర్లో సినిమా పేజీ చదువుతున్నాడు. మత్తుగా ఉందా అంటే, ఏ మాత్ర బావా, ఇచ్చారా అసలు, అని నన్నే అడుగుతాడు."

తమ్ముడు కాలర్ సర్దుకున్నాడు.

"నాకేదీ ఎక్కదు బావా. మా షోరూం వాళ్ళని అడుగు. ఆదివారం గోదావరి గట్టున కూర్చుంటే అందరూ పడిపోతారు. ఒక్కొక్కణ్ణీ బండెక్కించుకుని వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపేది నేనే."

బావ నవ్వాడు. అమ్మ మాత్రం లేచి, ఆరేసిన బట్టలు తెస్తానని పెరట్లోకి వెళ్ళింది. ఆ రోజు తీగమీద ఒక్క బట్ట కూడా లేదు.

బావని బస్‌స్టాండు దాకా సాగనంపే నెపంతో వెంట వెళ్ళి అడిగాను, మత్తు తెలియకపోతే మంచిదే కదా అని.

"మంచిదేంటే! ఇక చాలు అని ఒళ్ళే చెప్పాలి మనిషికి. చెప్పని ఒంటితో ఎక్కడ ఆపుతాడు? మామూలుగా ఈ మాత్ర వేస్తే కార్టిసాల్ అనే హార్మోను తగ్గుతుంది. ఆందోళన పడ్డప్పుడు పెరుగుతుందే, అది. తాగుబోతుల కొడుకుల్లో అది అంతగా కదలదనీ, మత్తు కూడా తక్కువ తెలుస్తుందనీ కొందరంటున్నారు. నిజమో కాదో చూద్దామనే నా తిప్పలు."

"మరి తమ్ముడిది?"

"నెత్తురు పరీక్షలు ఇంకా రాలేదు. అయినా ఒక్కణ్ణి చూసి ఏం చెప్తాం? పెసరట్లు ఏడు తినేవాడికి మాత్రలు ఆనవేమో."

నవ్వుకుంటూ బస్సెక్కాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నాకూ అమ్మకీ అదే గొడవ. రెండు రోజులకోసారి బాబుని ఎత్తుకుని, ఊళ్ళోనే ఉన్న మా ఇంటి నుంచి రిక్షా మాట్లాడుకుని వెళ్ళేదాన్ని.

"వాడికి చెప్పవే అమ్మా."

"ఏం చెప్పమంటావు? వచ్చే నెల రామచంద్రపురం వాళ్ళు పిల్లని చూసుకోడానికి రమ్మన్నారు. ఈ టైములో చెప్పనా, మీ నాన్న తాగితాగి పోయాడురా అని?"

"ముందు ఆదివారాలే తాగేవాడు. ఇప్పుడు బుధవారం కూడా."

"మగపిల్లలు సరదాకి ఏదో..."

"నాన్న కూడా సరదాకే మొదలుపెట్టారు."

అక్కడికి వచ్చేసరికి అమ్మకి కోపం వచ్చేది.

"అంత సత్యవంతురాలివి, నువ్వు మీ అత్తగారికి చెప్పావేంటి? పురిటికి చేర్చినప్పుడు డాక్టరమ్మ మీ ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అనడిగితే ఏమన్నావు? మా నాన్నకి కామెర్లండి అన్నావు. నేను పక్కనే ఉన్నాను."

నిజమే, అన్నాను. అత్తగారు ఎదురుగా ఉన్నారు మరి.

"సరే, ఆ ఒట్టు నీకు లేదుగా. నువ్వు చెప్పు," అనేదాన్ని చివరికి.

"నాకు ఒట్టు లేదు. నోరు రాదు," అనేది అమ్మ. మావయ్యని అడిగితే, మానిన పుండు గోకొద్దు అన్నాడు. నాకే గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. ఏదో పెద్ద కంపెనీకి ఒకేసారి నాలుగు బండ్లు అమ్మాడట, షోరూంలో పార్టీ ఇచ్చారట. రాగానే బాబుని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. దగ్గరికి వెళితే యాలక్కాయల వాసన.

"తాగావా?"

"నాలుగు బీర్లక్కా. తాగినట్టున్నానా చెప్పు? చూడు!"

బాబుని భుజం మీద అలాగే ఉంచుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. చేతులు రెండూ చాచి. కదలడే! తూలడం లేదు, మాట తడబడటం లేదు, కళ్ళు కూడా ఎర్రగా లేవు. బాబు వాడి జుట్టు పట్టుకుని కిలకిలా నవ్వుతున్నాడు. తమ్ముడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఇరవై దాకా వెళ్ళాడు. వాడు తూలి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఇరవై ఒకటి అనేలోపు బాబుని లాక్కున్నాను. బాబు ఏడుపు, తమ్ముడు నవ్వు.

తమ్ముడు వెళ్ళాక బాబుని పక్కింటావిడకి ఇచ్చి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను. మా ఇంట్లో ఫోన్ లేదు. బావ హాస్టల్‌కి ఫోన్ చేశాను.

"బావా, నీ కాగితంలో తప్పుంది. తమ్ముడి కాగితంలో. నాన్నగారు తాగేవారా అంటే 'లేదు' అని పెట్టావు చూడు, అక్కడ 'ఉంది' అని ఉండాలి."



"అంటే... కామెర్లు?"

"అవీ ఉన్నాయి."

"ఓసి మీ దుంపతెగ! తాగుబోతు కొడుకుని తీసుకెళ్ళి తాగనివాళ్ళ కొడుకుల్లో కూర్చోబెట్టారా? నా లెక్కలన్నీ తగలెట్టారు గదే! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

ఒట్టు సంగతి చెప్పాను. విని ఇంకా మండిపడ్డాడు.

"మరి ఇప్పుడు నాకు చెప్తే ఒట్టు తప్పినట్టు కాదా?"

"తమ్ముడికి చెప్పనని కదా ఒట్టు. నీకు చెప్పనని కాదు."

"జువాలజీలో మీకు లా కూడా చెప్పారేంటే? సరే. నా పరిశోధన చూసే మేడంతో చెప్తాను. వచ్చే గురువారం అత్తయ్యనీ వాణ్ణీ తీసుకురా. తల్లి వచ్చి మళ్ళీ చెప్పాలి. సంతకం సరిగ్గా పడలేదని చెప్పి తీసుకురా."

గురువారం అమ్మా, తమ్ముడూ, నేనూ, బాబూ బస్సెక్కి వెళ్ళాం. ఎందుకో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దారంతా కిటికీ బయటికే చూశాను. అమ్మ మాత్రం డాక్టరుగారికి ఇవ్వాలని అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బావ వాళ్ళ మేడం పెద్దావిడ. అరిసెల డబ్బా తీసుకుని బల్లమీద పెట్టి, అమ్మని తన పక్క కుర్చీలో కూర్చోమన్నారు. తమ్ముడు బయట ఉండాలా అని బావ అడిగితే, అది అమ్మ ఇష్టం అన్నారు.

"ఉండనీయండి, వాడెవరు, నా కొడుకేగా," అంది అమ్మ.

"అమ్మా, మీ కాగితం మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. మీవారికి తాగే అలవాటు ఉండేదాండి?"

అమ్మ కంటే ముందు తమ్ముడు నవ్వాడు.

"లేదండీ మేడం. మా నాన్నగారు కాఫీ కూడా రెండోసారి అడిగేవారు కాదంట."

ఆ మాట వాడి నోట వినేసరికి అమ్మ వాడి వంక చూసింది. తర్వాత బావ వంక, తర్వాత నా వంక. బావకి చెప్పింది నేనేనని అప్పుడే తెలిసిపోయింది ఆవిడకి. తిడుతుందనుకున్నాను. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"తాగేవారండి," అంది.

తమ్ముడి మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.

"ఎన్నాళ్ళు తాగారమ్మా?"

"పెళ్ళైన రెండో ఏడు మొదలెట్టారండి. పోయేదాకానండి."

"రోజూనా?"

"రోజూనండి. కానీ చాలా మంచివారండి. తాగి ఎవర్నీ ఒక్క మాట అని ఎరగరు."

"పొద్దున్నపూట చేతులు వణికేవా?"

"చొక్కా గుండీలు మా అమ్మాయే పెట్టేదండి," అని నావైపు చెయ్యి చూపించింది.

తమ్ముడు నావైపు తిరిగాడు.  నేను బాబు సాక్సు సర్దాను. అవి సరిగ్గానే ఉన్నాయి.

మేడం అన్నీ రాసుకున్నారు. తర్వాత బావతో, తండ్రి తాగడనుకుని తీసుకున్న మనిషిని ఫలితాలు చూశాక అటువైపు మార్చకూడదనీ, ఇటువైపూ ఉంచకూడదనీ, ఈ కాగితం మొత్తం తీసేయమనీ చెప్పారు. ఆరుసార్లు నెత్తురిచ్చిన మా తమ్ముడు ఏ గుంపులోనూ లేకుండా పోయాడు. బావ మొహం చూడాలి. ఇక ఇంకో కుర్రాణ్ణి వెతుక్కోవాలి, వాళ్ళమ్మనీ అడగాలి, ఆవిడ చెప్పేది నమ్మాలో వద్దో తేల్చుకోవాలి.

"నా రిపోర్టులో ఏం వచ్చిందండి?" అన్నాడు తమ్ముడు.

"ఒక్కడి రిపోర్టు చూసి వాడు ఏమవుతాడో ఎవరూ చెప్పలేరు బాబూ," అన్నారు మేడం. "మీ అమ్మగారు చెప్పింది విన్నావుగా. నీకు అదే పెద్ద రిపోర్టు."

తిరుగు బస్సులో తమ్ముడు మా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనకసీట్లో, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మండపేట వచ్చేసరికి ఊకలారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగి బస్సు నిలిచిపోయింది. అమ్మ ఉన్నట్టుండి, నాలుగు సీట్ల అవతలికి వినపడేలా కేకేసింది.

"ఒరేయ్! అదిగో, ఆ రేకుల షెడ్డుందే, అదేరా మీ నాన్న చేసిన మిల్లు!"

తమ్ముడు లేచి వచ్చాడు. కిటికీలోంచి వంగి చూశాడు. నిలబడే అడిగాడు.

"మొదట్లో... ఆయనకి ఎక్కేదా అమ్మా?"

"ఎక్కడమా? ఎంత తాగినా చెక్కు చెదిరేవారు కాదు. అదే గొప్ప ఆయనకి. మిల్లులో తాగి పడిపోయినవాళ్ళని సైకిలు మీద ఎక్కించుకుని ఒక్కొక్కళ్ళనీ ఇళ్ళకి దింపి వచ్చేవారు. నేను కూడా, మా ఆయన అందర్లాంటివాడు కాదని మురిసిపోయేదాన్ని. ఎక్కకపోతేనే కదరా ఇంకా పోసుకుంటారు!"

వెనకసీట్లో అరటిపళ్ళ గంపతో ఉన్న ఆవిడ ముందుకి వంగింది. "మా మావగారూ అంతేనండి. గేదెలాగా నిలబడి ఉండేవాడు. ఒకేసారి పోయాడు," అంది.

"అమ్మా, నెమ్మదిగా చెప్పవే, బస్సంతా వింటోంది," అన్నాను.

"విననీ! రెణ్ణెల్ల నుంచి చెప్పు చెప్పు అని నా ప్రాణం తీశావు. తీరా చెప్తుంటే మెల్లిగా చెప్పాలా నీకు?"

తమ్ముడు నాకేసి తిరిగాడు.

"నీకు పద్దెనిమిదేళ్ళ నుంచీ తెలుసు."

"ఒట్టు వేయించారురా. నీ తలమీద."

"నా తలమీద నన్నడక్కుండా మీ ఒట్టేంటి?"

  లారీ కదిలింది, వాడు వెళ్ళి డ్రైవరు వెనకే కూర్చున్నాడు.

మానేశాడని రాసేస్తే నాకు హాయిగా ఉండేది. ముందు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకో గొడవ మొదలైంది. ఇన్నాళ్ళూ మేం దాచిన విషయాన్ని కనపడ్డవాళ్ళకల్లా చెప్పడం మొదలెట్టాడు. షోరూంలో చెప్పాడు. గట్టుమీది స్నేహితులకి చెప్పి, వాళ్ళ మధ్య సోడా పట్టుకుని కూర్చుంటున్నాడట. రామచంద్రపురం పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి, మీ నాన్నగారు ఎలా పోయారు బాబూ అని అడిగితే, "తాగి పోయారండి, నాకూ ఆ ఒళ్ళే వచ్చిందేమోనని జాగ్రత్తగా ఉంటున్నానండి," అన్నాడు. అమ్మా మావయ్యా అక్కడే కూర్చుని ఉన్నారు. అవతలివాళ్ళు మళ్ళీ కబురు చేస్తామన్నారు, చేయలేదు. అమ్మ అదంతా నా ఖాతాలో వేసి వారంరోజులు నన్ను తిట్టింది. దాచితే అలా దాచుతారు, చెబితే ఇలా చెబుతారు. మధ్యస్థంగా ఉండటం మావాళ్ళకి చేతకాదు.

మా ఇంటికి రావడం మళ్ళీ మొదలెట్టాడు. వచ్చినప్పుడల్లా ఏదో వంకతో దగ్గరికి వెళ్ళి వాసన చూసేదాన్ని. కనిపెట్టేశాడు. గుమ్మంలోకి రాగానే నా మొహం మీద "హా" అని ఊది, "అయిందా, ఇక వాణ్ణి ఇస్తావా?" అని బాబుని ఎత్తుకునేవాడు. ఉల్లిపాయ వాసనో, కిళ్ళీ వాసనో ఉండేది. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

పోయిన శనివారం సాయంత్రం గేటు చప్పుడైతే బాబు మావయ్యా అనుకుంటూ పరిగెత్తాడు. వాడికిప్పుడు నడక వచ్చింది. తమ్ముడు బండి దిగలేదు. గేటుకి అవతలే ఆగి, బాబు చేతులు చాస్తున్నా ఎత్తుకోకుండా, "ఇవాళ కాదక్కా," అన్నాడు. మాట స్పష్టంగానే ఉంది. వాడి మాట ఎప్పుడు తడబడింది గనక? మళ్ళీ తాగావా అని అరవబోయాను. లోపలికి రాకుండా ఆగింది వాడే కదా, అబద్ధం చెప్పలేదు కదా అని ఆగాను. ఆగినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"బండి ఇక్కడ పెట్టి రిక్షాలో వెళ్ళు," అన్నాను.

తాళం గేటు మీంచి నా చేతికిచ్చి, నడిచి వెళ్ళిపోయాడు. బాబు గేటు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు.